మిరపకోతల వెబ్‌సైటూ సోమవారం రాహుకాలమూ

దర్శి బస్టాండు వెనక వీధిలో నాకొక కంప్యూటర్ షాపు ఉంది. దాని వైశాల్యాన్ని తక్కువ చేసి చెప్పలేను, ఎందుకంటే అంతకన్నా తక్కువ కావడానికి అందులో చోటు లేదు. కుర్చీలో వెనక్కి వాలితే తల జిరాక్సు మిషనుకి కొట్టుకుంటుంది, కాళ్ళు చాపితే వీధిలో పోయే గేదె తొక్కుతుంది. నేల మాత్రం మహారాజుల నేల. మార్టూరు నుంచి తెచ్చిన గ్రానైటు ముక్కలు, ఏ రెండూ ఒక రంగువి కావు. నునుపు ఎంతటిదంటే, తడిగుడ్డ పెట్టిన రోజున కస్టమరు గుమ్మంలో అడుగు వేసి నా టేబుల్ దగ్గర ఆగుతాడు. ఎదురుగా కారం మిల్లు. అది ఆడినప్పుడల్లా వీధి వీధంతా తుమ్ముతుంది. నా హార్డ్ డిస్కు కూడా తుమ్మిందని చెబితే మా ఆవిడ నమ్మలేదు గానీ, పక్కనున్న పురుగుమందుల కొట్టాయన దానికి సాక్షి.

ఈ షాపులో హాల్‌టిక్కెట్లు ప్రింటు తీసుకుంటూ, పొలం కాగితాలు జిరాక్సు కొట్టుకుంటూ బతికే నేను నలభై దాటి చాలా దూరం వచ్చాక పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కోసం కీబోర్డు మీద గాలింపు చేపట్టి, తప్పు వస్తే కంప్యూటరుని తిట్టి, ఒప్పు వస్తే నన్ను నేను మెచ్చుకుని నేర్చుకున్నాను. నేను రాసిన మొదటి వెబ్ పేజీ ఫోనులో తెరుచుకుని "నమస్కారం" అన్న రోజున షట్టరు కూడా దించకుండా ఇంటికి పరిగెత్తాను. మా ఆవిడ గరిటె పట్టుకునే చదివింది.

"నమస్కారం అనడానికి ఇన్నాళ్ళు పట్టిందా? మా నాన్నకి పెట్టడానికీ ఇంతే పట్టింది లెండి" అంది.

ఇలాంటి ప్రోత్సాహం దొరికాక మనిషి ఆగుతాడా. రోజుకొక వెబ్‌సైటు కట్టాను. మా వీధి కుక్కల జాబితాకొకటి, కరెంటు పోయిన వేళలకొకటి. వాటిని వాడింది నేనొక్కణ్ణే, అదీ కరెంటు ఉన్నప్పుడే. నా విద్యకి తగిన పని ఈ మెట్టప్రాంతంలో లేదేమోనని దిగులుపడుతున్న సమయంలో మేస్త్రమ్మ వచ్చింది.

మా ఊరు దర్శికి కూతవేటు దూరంలో ఉన్న మిరప పల్లె. కోతల కాలంలో ఆ ఊరిని ఏలేది సర్పంచి కాదు, కోత మేస్త్రి. ముప్పై మందికి పైగా ఆడవాళ్ళని కూడగట్టి, ఆటోలెక్కించి, ఏ రోజు ఎవరి చేలో దించాలో ఆమే చెబుతుంది. మా మేస్త్రమ్మది చర్చి పక్క వీధి. ఆమె గొంతు ఎంతటిదంటే, ఈ గట్టున నిలబడి "తొడిమ ఊడగొట్టబాకండే" అని కేకేస్తే అవతలి గట్టున కాయలు తమంతట తామే తొడిమలు బిగించుకుంటాయి.

అంతటి మనిషి ఆ రోజు నా కుర్చీ ఎదుట కూర్చుని మెల్లగా మాట్లాడింది. ఆమె దగ్గరున్నది ఒక్క ఫోను. రైతులందరూ దానికే చేస్తారు. చేలో వంగి ఉంటుంది, చేతులు మండుతుంటాయి, కొంగు మూటలో ఫోను మోగుతుంటుంది. తీసి ఒకాయనకి "సరేనయ్యా, గురువారం" అంటుంది. గట్టు దాటేలోగా ఇంకొకాయనకీ అదే గురువారానికి "సరే" అనేస్తుంది. కిందటేడు అలా ఒకే పొద్దున ఇద్దరు రైతులు ఆటోల ముందు నిలబడి మా చేనుకంటే మా చేనుకని లాగారు. ఆటో డ్రైవరు తాళం జేబులో వేసుకుని టీకి పోయాడు. ఆ రోజు ఏ చేనూ కోయలేదు. ఆ తర్వాత కొందరు రైతులు వేరే మండలాల ముఠాలని దింపుకోవడం మొదలుపెట్టారు, మా మేస్త్రమ్మ ముఠాకి నడుమ నడుమ ఖాళీ రోజులు పడ్డాయి.

"అన్నయ్యా, సినిమా టిక్కెట్లు ఫోన్లో పట్టుకుంటన్నారు గదా. ఒకరు పట్టుకున్న సీటు ఇంకొకరికి దొరకదంట. నా రోజుల్ని కూడా అట్టా పెట్టగలరా?" అని అడిగింది.

"పెట్టకేం" అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి మైకులో వినిపించింది.

"తొందరగా పెట్టాల. మా ఆడోళ్ళు సగం మంది వేటపాలెం జీడిపప్పు పనికి పోదామంటన్నారు. నీడపట్టున కూర్చుని చేసే పని, రోజూ ఉంటదంట. కోతలు మొదలయినాక రెండు వారాలు చూస్తామన్నారు. పని వరసగా పడిందా, ఉంటారు. లేదా, పోతారు. చెదిరిపోయిన ముఠాని మళ్ళీ కూడగట్టడం నా వల్ల కాదన్నయ్యా."

కుక్కల జాబితా రాసిన చేతికి ఒక ముఠా నిలబడడమో చెదరడమో అప్పగించారు. ఆనందం పట్టలేక ఆమెకి ఆ రోజు జిరాక్సు రెండు వైపులా కొట్టి ఇచ్చాను, ఆమె అడిగింది ఒక వైపే.

వెబ్ అప్లికేషన్ కట్టాలనుకునే వాళ్ళకి ఇక్కడొక మాట చెబుతాను. కంప్యూటర్ తెరవకముందు చెప్పులేసుకుని బయటికి వెళ్ళండి. నేను వెళ్ళలేదు. ముందు షాపులో కూర్చుని పేజీ కట్టాను. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, పిన్‌కోడు, ఇంకా బోలెడు గడులు. మేస్త్రమ్మ ఫోనులో వేలితో పైకి జరుపుతూ పోయింది, పేజీ అయిపోలేదు.

"ఇది కోతకా, పెళ్ళిచూపులకా అన్నయ్యా?" అంది.

అప్పుడు చెప్పులేసుకున్నాను. ఒక రోజంతా చేలో కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను తెర అద్దంలా నా ముఖమే చూపిస్తుందని, ఆ వయసులో అది ఎవరికీ అక్కర్లేదని తెలిసింది. కాయలు కోసిన వేలితో తెర మీద నొక్కితే ఒక్కోసారి పట్టదని, పట్టేదాకా నొక్కుతూనే ఉంటారని చూశాను. చూసి ముచ్చటపడ్డానే గానీ దాని పర్యవసానం అప్పుడు ఆలోచించలేదు. తిరిగొచ్చి పేజీని కోసి పారేశాను. చేను ఎవరిది, ఏ రోజు, సరే. మూడే మిగిలాయి. అక్షరాలు మాత్రం ఎలక్షన్ గోడరాతలంత పెద్దవి పెట్టాను.

రెండో మాట మా అత్తగారి ఊరగాయల గదిలో తెలిసింది. ఆవిడ జాడీలు సైన్యంలా వరసగా నిలబడి ఉంటాయి. ఏ జాడీ గరిటె ఆ జాడీకే. గోంగూర గరిటెని ఆవకాయలో పెట్టిన కోడలు ఆ ఇంట్లో ఇంతవరకూ పుట్టలేదు. పైథాన్‌లో ఒక్కో పనికి ఒక్కో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోమనేది అందుకే. దేని లైబ్రరీలు, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన రెడీమేడ్ కోడు, దాని జాడీలోనే ఉంటాయి. నేను అన్నిటినీ ఒకే గంగాళంలో కలిపాను. మిరపకోతల కోసం కొత్త లైబ్రరీ ఒకటి వేయగానే కరెంటు వేళల వెబ్‌సైటుకి బూజు పట్టింది. అప్పుడు మేలుకుని జాడీలు వేరు చేశాను, ఏ జాడీలో ఏ లైబ్రరీ, ఏ వెర్షనో ఒక ఫైలులో రాసిపెట్టాను. తర్వాత సర్వర్లో అదే జాడీని మళ్ళీ పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఫైలు చూసుకుని ముద్దుపెట్టుకున్నాను.

ఇక ముహూర్తం. సోమవారం పొద్దున ఆ వారంలో మిగిలిన రోజులన్నీ ఒకేసారి తెరవాలి, ముందు నొక్కినవాడిదే రోజు. మేస్త్రమ్మ ఏడింటికల్లా ముఠాని చేలో దింపుతుంది, ఎనిమిదింటికి కాస్త ఊపిరి తీసుకుంటుంది. కాబట్టి ఎనిమిది అనుకున్నాం. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అందరూ దండం పెట్టిన బొమ్మలు పంపారు. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు.

సోమవారం వచ్చింది. మేస్త్రమ్మ ముఠాని చెల్లెలికి అప్పగించి నా షాపుకొచ్చింది. మా ఆవిడ రాళ్ళుప్పు దిష్టి తీసి పంపింది, నాకు కాదు, ల్యాప్‌టాప్‌కి. ఎనిమిదయింది. బుకింగ్ తెరిచాను.

ఎవ్వరూ రాలేదు.

పది నిమిషాలు గడిచాయి. నా ఫోనులో తెరిచి చూశాను, తెరుచుకుంటోంది. పురుగుమందుల కొట్టాయన ఫోనులో తెరిచాను, తెరుచుకుంటోంది. దారిన పోయే సోడాబండి వాడి ఫోను లాక్కుని తెరిచాను, అక్కడా తెరుచుకుంటోంది. దర్శిలో నా వెబ్‌సైటు తెరుచుకోని ఫోను లేదు, దాన్ని తెరిచిన రైతూ లేడు. చేలోంచి మేస్త్రమ్మకి ఫోను వచ్చింది.

"ఏ రోజులు పడినయ్యక్కా?" అని అవతల చెల్లెలు అడగడం నాకూ వినిపించింది.

"చూస్తన్నాం" అంది మేస్త్రమ్మ. ఫోను పెట్టేసి టీ గ్లాసు వైపు చూస్తూ, "రైతులకి నా మీద నమ్మకం పోయిందన్నయ్యా" అంది.

గ్రానైటు నేల మీద నా ముఖం నాకే కనపడుతోంది, నల్ల ముక్కలో ఒకలా, ఎర్ర ముక్కలో ఒకలా, అన్నిట్లోనూ వెర్రిగా. ఎనిమిదిన్నరా అయింది, ఎనిమిదీ ముప్పావూ అయింది. తొమ్మిది కొట్టింది.

కొట్టడమేమిటి, కట్ట తెగింది. ల్యాప్‌టాప్ తెర మీద వరసలు వరసలుగా మనుషులు. ఊరు ఊరంతా ఒకే గుమ్మంలోంచి లోపలికి దూరింది. నేను లేచి నిలబడి తల జిరాక్సు మిషనుకి కొట్టుకుని కూడా నవ్వుతున్నాను. ఆ నవ్వు పూర్తయ్యేలోగా తెర నిలిచిపోయింది. అందరి ఫోన్లలోనూ ఆ గుండ్రటి గీత తిరుగుతూ ఉండిపోయింది.

జరిగింది ఏమిటంటే, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సరంజామాతో పాటు ఒక చిన్న సర్వరు ఉచితంగా వస్తుంది. ఇది నేర్చుకునేటప్పుడు వాడుకోవడానికే, జనానికి పెట్టొద్దని అది లేచినప్పుడల్లా ఎర్ర అక్షరాల్లో చెబుతూనే ఉంటుంది. నేను చూశాను. కానీ మిరప ప్రాంతంలో పుట్టినవాణ్ణి, ఎరుపు చూస్తే నాకు భయం ఎక్కడినుంచి వస్తుంది? ఎరుపంటే మాకు పంట. అద్దెకి తీసుకున్న సర్వర్లో దాన్నే పెట్టి కూర్చున్నాను. కళ్ళం నిండా జనం, కాటా దగ్గర ఒక్కడు, వాడూ సొమ్మసిల్లాడు.

ఆ కంగారులో ఇంకొక ఘనకార్యం చేశాను. తప్పెక్కడో తెలుసుకుందామని, నడుస్తున్న వెబ్‌సైటులోనే డీబగ్ మోడ్ ఆన్ చేశాను. అంటే, తప్పు జరిగినప్పుడు లోపలి కోడూ, అందులోని వివరాలూ అన్నీ తెర మీదకి వస్తాయి. నాకు రావాలని నా ఉద్దేశం. ఊరందరికీ వచ్చాయి. పావుగంటలో మా ఆవిడ తమ్ముడు బండి మీద దిగాడు. వాడికి మూడెకరాల మిరప, ముప్పై ఎకరాల నోరు.

"బావా, మొండోడు ఎవడు?" అన్నాడు, బండి స్టాండు వెయ్యకుండానే.

"ఏ మొండోడురా?"

"ఇదిగో, నా నంబరు పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని చదివా. మొండోడు."

"అది టెస్టు డేటారా. ఉత్తుత్తిగా ఏదో ఒకటి రాస్తాం."

"ఉత్తుత్తికి నేనే దొరికానా? కింద నీ నంబరు పక్కన మంచివాడు అని ఉంది, అది కూడా ఉత్తుత్తేనా?"

మేస్త్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను డీబగ్ మోడ్ ఆపేసి మాట మార్చాను.

"అది సరే గానీ, ఎనిమిదింటికి తెరిస్తే తొమ్మిదింటికి ఎగబడ్డారేందిరా మీరందరూ?"

వాడు నా వైపు చూసిన చూపు, పరలోకం నుంచి అప్పుడే దిగినవాణ్ణి చూసినట్టుంది.

"ఇయ్యాల సోమవారం గదా. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. రాహుకాలంలో కోతకి ఎవడన్నా మాట్లాడతాడా? ఫోను పట్టుకుని, వేలు పైకెత్తుకుని కూర్చున్నా బావా. తొమ్మిది కొట్టంగానే పొడిచా."

"అందరూనా?"

"మా వీధంతా అరుగుల మీద అట్టాగే కూర్చున్నారు. చూడటానికి భలే ఉంది."

వరండాల్లో, అరుగుల మీద, గేదెల పక్కన, ఊరి రైతాంగం యావత్తూ చూపుడు వేళ్ళు గాల్లో నిలిపి గడియారం కేసి చూస్తున్న దృశ్యం నా కళ్ళముందు నిలిచింది. నాకు అరవాలనిపించింది, సంతోషంతో. మేస్త్రమ్మ నా కంటే ముందు అందుకుంది.

"అంటే నమ్మకం పోలేదన్నమాట. నేను పిలిస్తే వస్తారన్నమాట" అంది. ఆ పైన, "నాకు తట్టలేదన్నయ్యా. మాకు ఆదివారం ప్రార్థన ఒక్కటే లెక్క, రాహుకాలం సంగతి మేమెరగం. సోమవారాలు పొద్దున ఫోను మోగకపోతే సిగ్నలు లేదనుకునేదాన్ని ఇన్నాళ్ళూ" అంది.

అయితే ఆ వారం వెబ్‌సైటు లేదు. మళ్ళీ ఫోనుతోనే నెట్టుకొచ్చింది. శుక్రవారం నాడు మళ్ళీ రెండు చేలకి ఒకే "సరే" పడింది, ఒక రైతు చెప్పుకోలేని మాటలు అన్నాడు. ఆ సాయంత్రం ఆమె షాపు ముందు ఆగింది, లోపలికి రాలేదు.

"రెండు వారాల్లో ఒకటి అయిపోయిందన్నయ్యా. నలుగురు వేటపాలెం ఫోను చేసి కనుక్కున్నారంట. ఈ సోమవారం నిలబడాల" అని వెళ్ళిపోయింది.

నేను ఆ వారమంతా షాపులో హాల్‌టిక్కెట్ల కోసం వచ్చిన వాళ్ళని రేపు రమ్మంటూ పనిచేశాను. ఆ పని పండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడం లాంటిది. ఒకటి తీస్తే కింద ఇంకొకటి తెల్లగా నవ్వుతుంది. ఉచిత సర్వరుని తీసేసి జనం కోసం తయారైన అసలు సర్వరు పెట్టాను. అందులో పనివాళ్ళు ఒక్కరు కాదు, నలుగురు. ఒకడు ఒక రైతుతో మాట్లాడుతుంటే రెండోవాడు రెండో రైతుని చూసుకుంటాడు. పాస్‌వర్డు కోడులోనే రాసి ఉంది, మా ఇంటి గుమ్మానికే తాళంచెవి వేలాడదీసినట్టు. తీసి సర్వర్లో విడిగా పెట్టాను. డీబగ్ మోడ్ సంగతి చెప్పక్కర్లేదు, బావమరిది ఇప్పటికీ ఫోన్లో నా పేరు మంచివాడు అనే పెట్టుకున్నాడు, అదీ ప్రేమతో కాదు.

ఇంకో తాలుకాయ గడియారంలో దొరికింది. ఉత్తుత్తి చేలు రాసి చూసుకునే రోజుల్లోనే మేస్త్రమ్మ చెప్పింది, తెల్లవారుజామున ఐదింటికి తెరిస్తే నిన్నటి చేనే చూపిస్తోందని. సర్వరు మన గడియారంతో కాదు, గ్రీన్‌విచ్ గడియారంతో నడుస్తుంది. దాని లెక్కలో మనకి ఐదున్నర అయ్యేదాకా ఇంకా నిన్నే. అంటే మేస్త్రమ్మ ఐదింటికి అది చూసి ఆటోలెక్కిస్తే ముఠా మొత్తం నిన్న కోసేసిన చేలో దిగి ఆకులు లెక్కపెట్టుకోవాలి. కోడుకి మన దేశపు సమయం అని గట్టిగా చెప్పాను. చివరికి డేటా మొత్తం ఇంకొక చోట కాపీ పెట్టుకున్నాను. పెట్టుకోవడంతో సరిపోదు, ఆ కాపీలోంచి తిరిగి తెచ్చి చూడాలి. నేను మొదట పెట్టిన కాపీ తెరిస్తే అందులో కుక్కల జాబితా ఉంది.

అన్నీ సిద్ధం. మరి సర్వరుకి ఎక్కించేదెప్పుడు? పొద్దున లేచింది మొదలు ఊరంతా ఆ వెబ్‌సైటుని పొడుస్తూనే ఉన్నారు, తెరుచుకుందేమోనని. ఎక్కిస్తున్న సమయంలో ఎవడన్నా దూరితే సగం పాతదీ సగం కొత్తదీ కనపడి మళ్ళీ నమ్మకం పోతుంది. పెద్ద పెద్ద కంపెనీలు జనం నిద్రపోయేటప్పుడు ఎక్కిస్తాయట. మా రైతులు నిద్రలో కూడా పొడుస్తారు. గోడ మీద క్యాలెండరు వైపు తల ఎత్తిన నాకు ఒక్కసారిగా వెలిగింది. మెరుపంటే మెరుపే. కారం మిల్లు కూడా ఆ క్షణంలో ఆగిందని పురుగుమందుల కొట్టాయనే చెప్పాలి.

రాహుకాలం. రోజుకొక గంటన్నర, ఊరంతా తనంతట తానే చేతులు ముడుచుకుని కూర్చునే సమయం. ప్రపంచంలో ఏ కంపెనీకీ లేని సౌకర్యం, క్యాలెండరులో అచ్చువేసి మరీ ఇస్తున్నారు. పైగా రాహుకాలం పట్టింపు లేని మనిషి ఒకరు కావాలి, ఆ సమయంలో వెబ్‌సైటుని నొక్కి పరీక్షించడానికి. ఆ మనిషీ ఉంది. అప్పుడే ఫోను చేశాను.

"చెల్లెమ్మా, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. రైతులెవరూ ముట్టుకోరు. నేను కొత్తది ఎక్కిస్తా, నువ్వు చేలోంచి నొక్కి చూడు."

"నాకు ఏ కాలమైనా ఒకటేనన్నయ్యా. నొక్కుతా" అంది.

మా ఆవిడ విని బుగ్గలు నొక్కుకుంది. "శుభమా అని కొత్త పని రాహుకాలంలో మొదలుపెడతారా ఎవరైనా?"

"మొదలుపెట్టేది కోత కాదే, కోడు" అన్నాను. ఆవిడ ఈసారి ఉప్పు కాక ఎండుమిరపకాయలు తిప్పి పంపింది, నాకే.

శనివారం తొమ్మిది కొట్టగానే వెబ్‌సైటు ఎడారి అయింది. ఒక్క పురుగు లేదు. కొత్తది ఎక్కించాను. మేస్త్రమ్మకి ఫోను చేశాను. ఉత్తుత్తి చేను ఒకటి రాసి గురువారం నొక్కమన్నాను.

"నొక్కా. పట్టలా. మళ్ళీ నొక్కా. వచ్చింది, గురువారం సరే అంటంది" అంది. ఆగి, "అన్నయ్యా, రెండుసార్లు సరే అంటంది" అంది.

నా తెర మీద చూశాను. ఒకే గురువారం, రెండు బుకింగులు. రెండూ పక్కాగా, ఆకుపచ్చ టిక్కుతో. పాత సర్వర్లో ఒక్కడే పనివాడు కాబట్టి ఇది ఎప్పుడూ జరగలేదు. ఇప్పుడు నలుగురు. కారపు వేలితో ఆమె టకటకా రెండుసార్లు నొక్కేసరికి ఒక నొక్కు ఒకడికి, ఇంకో నొక్కు ఇంకొకడికి వెళ్ళింది. ఇద్దరూ ఒకే క్షణంలో గురువారం ఖాళీగా ఉందా అని చూశారు. ఉంది. ఇద్దరూ సరే అన్నారు. సరిగ్గా మేస్త్రమ్మ గట్టుకి ఈ పక్క ఒకరికి, ఆ పక్క ఒకరికి అన్నట్టే. ఏ జబ్బుకి మందు చేద్దామని బయల్దేరానో, ఆ జబ్బునే నాలుగింతలు చేసి కంప్యూటర్లో ఎక్కించాను.

"ఏమయిందన్నయ్యా?"

"ఏం లేదు. పదిన్నర లోపల చెబుతా."

గడియారం నా నెత్తి మీద కూర్చుంది. రాహుకాలం అయిపోయిందంటే ఊరంతా వేళ్ళు దించుతుంది. ఇక్కడ నేను నేర్చుకున్నది వెబ్ అప్లికేషన్ కట్టే ప్రతివాడూ గోడ మీద రాసుకోవాలి. ఖాళీ ఉందో లేదో చూసి రాసుకోమని పనివాళ్ళకి చెబితే చాలదు. ఎంత మంచి పనివాళ్ళయినా ఒకేసారి చూస్తే ఒకేలా మోసపోతారు. ఒక రోజుకి ఒకే చేను అనే కట్టుబాటు బుకింగులు దాచే డేటాబేసులోనే పెట్టాలి. అప్పుడు ఎంతమంది ఒకేసారి తోసుకొచ్చినా మొదటివాడు లోపలికి, రెండోవాడు బయటికి. కోడుగా చూస్తే ఒక్క వరుస. ఆ ఒక్క వరుస రాయడానికి నా వేళ్ళు వణికిన వణుకు గనక కారం మిల్లుకి తగిలిస్తే కరెంటు అక్కర్లేదు. ముందు ల్యాప్‌టాప్‌లో నడిపి చూశాను, సర్వర్లో పడిన ఆ రెండు బుకింగులూ చెరిపేసి అప్పుడే ఎక్కించాను. నడుస్తున్న దాంట్లో చెయ్యి పెట్టడం అనే సరదా నాకు సోమవారంతో తీరిపోయింది.

"ఇప్పుడు నొక్కు చెల్లెమ్మా. ఎన్నిసార్లయినా నొక్కు."

"ఆడోళ్ళందరి చేతా నొక్కిస్తా ఉండండి" అంది. అవతల కోలాహలం. ఫోన్లున్న వాళ్ళందరూ కాయలు వదిలేసి ఉత్తుత్తి గురువారం మీద పడ్డారు. "నాకు రాలా", "నాకూ రాలా", "ఈ రోజు అయిపోయింది అంటందే" అని అరుపులు. ఆఖరికి ఒక గొంతు, "నాకొచ్చిందక్కా, నాకొక్కదానికే" అంది. నేను తెర చూశాను. గురువారం, ఒకే ఒక్క బుకింగ్. పదిన్నరకి ఇంకా కాస్త టైముంది. ఆ మిగిలిన కాస్తలో ఉత్తుత్తి గురువారం చెరిపేసి, షాపులోంచి బయటికొచ్చి, సోడాబండి దగ్గర రెండు సోడాలు తాగాను. రాహుకాలం దాటగానే బావమరిది తెరిచి చూశాడని ల్యాప్‌టాప్ చెప్పింది. వాడికి ఏమీ తెలియలేదు. వెబ్ అప్లికేషన్ కట్టేవాడికి అంతకు మించిన బిరుదు లేదు.

సోమవారం బుకింగ్ తొమ్మిదింటికే తెరిచాం. మేస్త్రమ్మ ఈసారి షాపుకి రాలేదు, చేలోనే ఉండి చూస్తానంది. తొమ్మిదయింది. ఊరి వేళ్ళన్నీ ఒక్కసారిగా దిగాయి. నలుగురు పనివాళ్ళూ నలుగురు భీముల్లా నిలబడ్డారు. ఒక్కో రోజూ నిండుతుంటే తెర మీద గడులు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి, కళ్ళంలో కాయలు పరిచినట్టు. ఏ రోజూ రెండుసార్లు ఎర్రబడలేదు. నాకు ఈల వేయడం రాదు, ఆ రోజు వచ్చింది.

మేస్త్రమ్మ ఫోను చేసింది. వెనక ఆడవాళ్ళ నవ్వులు.

"వారమంతా నిండిందన్నయ్యా. దోర కాయలున్న రైతులు పై వారానికీ అడుగుతన్నారు. మా వాళ్ళు జీడిపప్పు సంగతి వచ్చే యేడు చూద్దాంలే అంటన్నారు."

"నలుగురు కనుక్కున్నారన్నావుగా?"

"వాళ్ళే ముందన్నది. పక్కనే ఉన్నారు, సిగ్గుపడతన్నారు."

అంతలో బండి చప్పుడు. బావమరిది.

"నాకు శనివారం పడింది బావా. ముందు నొక్కినోళ్ళకి మంగళ, బుధ పడితే నాకు ఆఖరు రోజు. నీ కంప్యూటరు నా మీద పగబట్టింది."

"నువ్వు తొమ్మిదింటికి నొక్కలేదా?"

"గడియారాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటయ్ గదా. రాహువు పూర్తిగా పోయిందో లేదోనని రెండు నిమిషాలు ఆగి నొక్కా."

"మరి దాన్నేమంటారో నువ్వే డీబగ్ పేజీలో చదివావుగా" అన్నాను. వాడు నా టేబుల్ మీది సోడా తాగేసి పోయాడు.

సాయంత్రం ఆటోలు తిరిగొస్తూ షాపు ముందు ఆగాయి. ఎర్ర దుమ్ము కొట్టుకున్న చీరలతో ముప్పై చిల్లర మందీ ఉన్నారు, ఒక్కరు తగ్గలేదు. మేస్త్రమ్మ దిగకుండానే అడిగింది.

"అన్నయ్యా, నాదొక్క మాట. ఈ రైతులు ఆదివారం కూడా పొడుస్తన్నారు. ఎవరు నొక్కినా నాకు మెసేజీ వస్తది గదా, ప్రార్థనలో కూర్చుంటే కొంగులో ఫోను ఒకటే గుయ్యిమంటంది. ఆదివారం మా రాహుకాలం అనుకోండి. మధ్యాహ్నం దాకా మూసెయ్యండి."

రెండు వరుసల కోడు. నిలబడే రాశాను, వాళ్ళు చూస్తుండగానే. కానీ ఎక్కించలేదు. క్యాలెండరు వైపు చూసి, మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర అని చెప్పాను.

"అయితే రేపు మూడింటికి నేను చేలోంచి నొక్కి చూస్తా" అంది మేస్త్రమ్మ, ఆటో కదులుతుండగా.